మా వైజాగ్‌కి వస్తే ముందు వన్‌టౌన్‌కి రండి

మా ఇంటికి చుట్టాలొస్తే మొదటి రోజు బీచ్‌కి తీసుకెళ్ళను. పొద్దున్న ఆరింటికల్లా అందరినీ లేపి వన్‌టౌన్‌లో ఉన్న బురుజుపేట తీసుకెళ్తాను. మొన్న ఫిబ్రవరిలో కరీంనగర్ నుంచి వచ్చిన మా చెల్లెలి అత్తగారు వాళ్ళని కూడా అలాగే తీసుకెళ్ళాను. "సముద్రం చూద్దామని వస్తే ఈ సందులల్ల తిప్పుతున్నవేంది బాబూ" అంది ఆవిడ. గుడి దగ్గరికి వచ్చాక ఇంక మాట్లాడలేదు.

కనక మహాలక్ష్మి అమ్మవారికి తల మీద కప్పు లేదు. ఎండైనా వానైనా ఆరుబయటే. ఇంకో విశేషం, మన పూజ మన చేత్తోనే చేసుకోవచ్చు. చెంబుడు పసుపు నీళ్ళు చేతికిస్తే ఆవిడ "నేనే పొయ్యాల్నా?" అని రెండుసార్లు అడిగింది. పోసి, బొట్టు పెట్టి, కాసేపు అలా చెయ్యి ఆనించి నిలబడిపోయింది. పెద్ద పెద్ద గుళ్ళలో గంటల కొద్దీ క్యూలో నిలబడి, అర నిమిషం కూడా దర్శనం దొరకని మనిషికి అది ఎంత సంతోషమో ఆవిడ మొహం చూస్తే తెలిసింది. మార్గశిర మాసం గురువారాల్లో మాత్రం జనం విపరీతంగా ఉంటారు. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆ రోజులు వద్దు.

అక్కడికి దగ్గర్లోనే పోర్టు పక్కన మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మూడోదాని మీద చర్చి. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. పైకెక్కితే డాల్ఫిన్స్ నోస్ కొండకీ ఊరికీ మధ్య సన్నటి కాలువ దారిలో ఓడలు లోపలికి రావడం కనిపిస్తుంది. అంత పెద్ద ఓడ, ముందు టగ్ బోటు, నడక కన్నా నెమ్మదిగా కదులుతూ వస్తుంది. 1933లో పోర్టు మొదలైంది కాబట్టే చిన్న ఊరు ఇంత నగరమైంది. ఆ దారిని చూడకుండా వైజాగ్ చూశామంటే నేను ఒప్పుకోను. టికెట్ లేదు, పెద్దగా రద్దీ కూడా ఉండదు.

కొండ దిగి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాం. పనసకాయల కాలమైతే అక్కడ పొట్టు కొట్టేవాళ్ళని చూడాలి. చేతులకి నూనె రాసుకుని, చెక్కు తీసిన లేత కాయని ఎడమ చేత్తో పట్టుకుని, పెద్ద కత్తితో టకటకా కొడుతూ తిప్పుతుంటారు. చూస్తుండగానే కాయంతా సన్నటి పొట్టై రాలిపోతుంది. మా ఉత్తరాంధ్రలో పనసపొట్టు ఆవ పెట్టిన కూర లేకుండా పెళ్ళి భోజనం పూర్తి కాదు. హోటళ్ళలో ఇది అరుదు. తెలిసినవాళ్ళ ఇల్లు ఉంటే మొహమాటపడకుండా వండమని అడగండి.

తిండి సంగతి వచ్చింది కాబట్టి నా మాట చెప్తాను. తెలుగు భోజనానికి సూర్యాబాగ్‌లో దసపల్లా, బిర్యానీకి జగదాంబ దగ్గర ఆల్ఫా. చిన్నప్పటి నుంచి నాకు ఈ రెండే అలవాటు. చేపలైతే పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి కొనుక్కోవడమే మంచిది. కోనాం, చందువ, రొయ్యలు అప్పుడే పడవల్లోంచి దింపుతుంటారు. బీచ్‌లో సాయంత్రం మురీ మిక్చర్ తినండి. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మరసం వేసి కలిపిన వెంటనే తినాలి, పొట్లం కట్టించుకుని ఇంటికి తెస్తే మెత్తబడిపోతుంది. బొంగు చికెన్ మాత్రం ఊళ్ళో తినకండి, ఆ రుచి అరకు వైపు నిప్పుల మీద కాల్చినదానికే వస్తుంది.

ఇక బీచ్. ఆర్కే బీచ్ పొద్దున్న ఐదున్నరకి చూడాలి. సూర్యుడు నేరుగా సముద్రంలోంచి లేస్తాడు, నడకకి వచ్చేవాళ్ళు తప్ప జనం ఉండరు. సాయంత్రం పార్కింగ్‌కే అరగంట పోతుంది. ఒక్క విషయం బతిమాలి చెప్తున్నాను, అక్కడ స్నానానికి దిగొద్దు. పైకి అల చిన్నదిగానే కనిపిస్తుంది, వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంది. మోకాలి లోతు అనుకున్నది ఒక్క క్షణంలో మెడ లోతవుతుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు మునిగిపోయారన్న వార్త చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. యారాడ కూడా అంతే, అందమైన బీచ్, కానీ నీళ్ళని నమ్మకూడదు. పిల్లలు తప్పదని ఏడిస్తే రుషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్న చోట, ఒడ్డునే ఆడించండి.

బీచ్ రోడ్డు మీదే కురుసుర సబ్‌మెరైన్ ఉంది. టికెట్ పెట్టి చూసేవాటిలో నా మొదటి ఓటు దానికే. 1969లో నేవీలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దాటాలి. ఆ ఇరుకులో డెబ్బై మందికి పైగా మనుషులు రోజుల తరబడి ఎండ మొహం చూడకుండా ఎలా బతికారో, నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళే దగ్గరుండి చెప్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కొంచెం కష్టం. సోమవారం సెలవు. కైలాసగిరి అంటే, రోప్‌వేలో ఎక్కి పైనుంచి తీరం చూసి దిగిపోవచ్చు, పూట మొత్తం దానికి ఇవ్వక్కర్లేదు.

ఆ పూట భీమిలి రోడ్డుకి ఇవ్వండి. దారిలో తొట్లకొండ వస్తుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోట కూర్చుంటే కింద సముద్రం, పైన గాలి, ఇంకేం వినపడదు. అలాగే ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. దయచేసి వాటి అంచుల మీదికి ఎక్కకండి, చెత్త పడేయకండి. ఆ మట్టి వేల ఏళ్ళుగా గాలికీ వానకీ అలా తయారైంది, మన కాళ్ళ కింద మాత్రం ఇట్టే విరిగిపోతుంది.

బస విషయంలో మా చుట్టాలకి చేదు అనుభవం ఎదురైంది. మా ఇల్లు చాలక రెండు రాత్రులకి బీచ్ రోడ్డులో గది తీసుకున్నారు. సీ వ్యూ అని ఎక్కువ కట్టించుకున్నారు, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. అడిగితే బాల్కనీ చివర నిలబడి పక్కకి చూడమన్నారు. కాబట్టి డబ్బు కట్టే ముందు గది నంబరు చెప్పించుకుని, ఆ గది కిటికీ ఫొటోనే పంపమనండి. బడ్జెట్ చూసుకునేవాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్ వైపు ఉంటే నయం, ఎక్కడికైనా బస్సు దొరుకుతుంది.

సింహాచలం చెప్పక్కర్లేదు, అందరూ వెళ్తారు. ఏడాదంతా స్వామి చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. వచ్చేటప్పుడు కొండ కింద సంపెంగలు కొనుక్కోండి.

బట్టలకి మాల్స్ ఎందుకు, అవి మీ ఊళ్ళోనూ ఉన్నాయి. ఇక్కడ కొనాల్సినవి ఏటికొప్పాక లక్క బొమ్మలు, పొందూరు ఖద్దరు. బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు, లేపాక్షి హస్తకళల షాపులో దొరుకుతాయి. పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో ఏకుతారు, అందుకే ఆ నూలు అంత సన్నగా వస్తుంది. నేను తీసిచ్చిన పంచెని చెల్లెలి మామగారు అక్కడికక్కడే విప్పి వేళ్ళ మధ్య నలిపి చూశారు. ఇంకో రెండు కట్టించమన్నారు.

అరకుని ఒక్కరోజులో ముగించకండి. పొద్దున కిరండూల్ రైలుకి ముందే రిజర్వేషన్ చేసుకుని, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు బొర్రా గుహలు చూసుకుని రోడ్డు మీద దిగండి. మా వాళ్ళు అలాగే వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో అత్తగారి బ్యాగులో మాడుగుల హల్వా రెండు కిలోలు, బురుజుపేట కుంకుమ పొట్లం ఒకటి.