టాస్మన్ ద్వీపకల్పంలో పాత బొగ్గు గనులు

మాది ఇల్లందు. ఇంట్లో రెండు తరాలవారు బొగ్గుబావిలో దిగినవారే కాబట్టి, ఆస్ట్రేలియాలోని టాస్మేనియా వెళ్లినప్పుడు అందరూ చూసే పాత ఖైదీల స్థావరం పోర్ట్ ఆర్థర్ కన్నా ముందు, అదే టాస్మన్ ద్వీపకల్పపు వాయవ్య మూలన, సాల్ట్‌వాటర్ రివర్ అనే ఊరు దాటాక ఉన్న పాత గనులకే వెళ్లాను.

టాస్మేనియా రాజధాని హోబార్ట్ నుంచి పోర్ట్ ఆర్థర్ సుమారు 95 కిలోమీటర్లు. దారిలో వచ్చే ఈగిల్‌హాక్ నెక్ అనే సన్నని భూభాగం వద్ద, ఖైదీలు పారిపోకుండా ఒకప్పుడు కుక్కలను వరుసగా గొలుసులతో కట్టి ఉంచేవారు; అక్కడ కాసేపు ఆగితే చాలు. తరానా అనే ఊరి వద్ద ప్రధాన రహదారి వదిలి గనుల వైపు తిరగాలి. సొంత వాహనం లేనిదే ఈ ప్రయాణం కుదరదు. చివర కొంత మట్టిరోడ్డు ఉంది. అలాంటి రోడ్డుకు అద్దె కారు బీమా వర్తించదని నాకు కారు తిరిగి ఇచ్చేటప్పుడు గాని చెప్పలేదు, కనుక ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక్కడ 1833లో బొగ్గు బయటపడింది. పోర్ట్ ఆర్థర్‌లో మళ్లీ తప్పు చేసిన ఖైదీలను ఈ గనికి పంపేవారు. 1848లో ప్రభుత్వం దీనిని వదులుకున్నాక, 1877 వరకు ప్రైవేటువారు నడిపారు. అప్పట్లో రాతి బ్యారక్‌లు, ప్రార్థనాలయం, రొట్టెల బట్టీ, అధికారుల ఇళ్లతో ఇదొక చిన్న ఊరు. ఇప్పుడు మొండిగోడలు, వాటి మధ్య గడ్డి, ఎదురుగా నార్‌ఫోక్ బే అనే అఖాతం మిగిలాయి. టికెట్టు లేదు, గైడు లేడు, టీ దుకాణం కూడా లేదు. సమాచార ఫలకాలు మాత్రం శ్రద్ధగా రాశారు. నేను రెండు గంటలు తిరిగితే నలుగురే ఎదురుపడ్డారు.

గనిలోకి దిగవచ్చని ఆశపడితే నిరాశ తప్పదు, ఎందుకంటే పాత బావి పూడిపోయి గుంటలా కనిపిస్తుంది. తప్పు చేసిన ఖైదీలను ఒంటరిగా బంధించిన నేల కింది కొట్లలోకి మాత్రం వెళ్లవచ్చు. ఫోను దీపం ఆర్పి ఒక నిమిషం నిలబడ్డాను. మావాళ్లు జీతం కోసం చీకట్లోకి దిగారు, ఇక్కడివారు శిక్షగా దిగారు. అలా దిగినవాడికి మళ్లీ శిక్ష వేయాలన్నా అధికారులకు తోచింది ఇంకో చీకటే.

మరునాడు చూసిన పోర్ట్ ఆర్థర్‌లో సేవలకు లోటు లేదు: టికెట్టులోనే గైడుతో నడక, పడవ షికారు కలిసి ఉంటాయి, భోజనం దొరుకుతుంది. పిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి అదే నయం. రెండూ 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన 11 ఆస్ట్రేలియా ఖైదీ స్థలాల్లోనివే అయినా, నాకు మనసులో నిలిచింది గనులే.

బసకు తరానా దగ్గర వంటగది ఉన్న చిన్న క్యాబిన్ తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది గాని, రాత్రి ఎనిమిది దాటాక చుట్టుపక్కల భోజనం దొరకలేదు. శాకాహారులు బియ్యం, పప్పు, పెరుగు హోబార్ట్‌లోనే కొని తెచ్చుకోవాలి. గనులకు ఉదయమే వెళ్లండి, నీళ్ల సీసా మరవకండి. సూర్యుడు బే మీదుగా పైకి వచ్చే వేళ ఆ రాతిగోడలు బాగా కనిపిస్తాయి.