ముసురు రోజుల్లో ఓ కుమ్మరి ప్రయాణం: పానగల్లు, నాగార్జునకొండ, పిల్లలమర్రి

శ్రావణంలో కుమ్మరికి కాస్త తీరిక దొరుకుతుంది. బోనాల కుండలు అప్పటికి అమ్ముడుపోయి ఉంటాయి, దీపావళి ప్రమిదల పని ఇంకా మొదలు కాదు. ముసురు పట్టిందంటే సారె (కుమ్మరి చక్రం) మీద నుంచి దించిన కుండ ఆరదు, ఆరని కుండను ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) పెట్టలేం. వినాయక విగ్రహాలు చేసేవాళ్లకు ఇది మంచి గిరాకీ కాలమే కానీ, అచ్చుల పని నాకు నచ్చదు. అందుకే మా ఆవిడా నేనూ బ్యాగు సర్దుకుని నల్లగొండ వైపు బయలుదేరాం.

మాది జడ్చర్ల దగ్గరి ఊరు. రంజన్లు, కూజాలు, పెళ్లిళ్లకు ఐరేని కుండలు చేసి బతుకుతున్నాం. కొంతకాలంగా నాకు విగ్రహాల మీద మనసు పడింది. నడుమెత్తు మట్టి విగ్రహాలు చేయాలని ఆశ. వాటితో వచ్చే చిక్కు ఏమిటంటే, గోడ మందంగా ఉంటే లోపలి తడి బయటికి రాదు, మంట తగలగానే ఆవిరై విగ్రహాన్ని పేల్చేస్తుంది. పలచగా చేస్తే పచ్చిగా ఉన్నప్పుడే పొట్ట కిందికి జారిపోతుంది. పుదుచ్చేరిలో డెబొరా స్మిత్, రే మీకర్ 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ లాంటి చోట్ల 1200 డిగ్రీలు దాటే కొలిములుంటాయి. కంప కట్టెలు, పిడకలు, గడ్డితో కాల్చే మా ఆవం 800 డిగ్రీలు అందుకోవడమే గొప్ప. ఈ వేడికి, ఈ చెరువు మట్టికి తగిన ఉపాయం మన వైపే ఎక్కడైనా కనిపిస్తుందేమోనని నా వెతుకులాట. కాబట్టి ఏ ఊరు ఎంత బాగుందన్న నా లెక్క మామూలు యాత్రికుడి లెక్క కాదని ముందే చెబుతున్నాను.

హైదరాబాద్ మీదుగా నల్లగొండ చేరాం. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, దారి పొడవునా మా ఆవిడ నా టికెట్ వంక చూసి నవ్వుతూనే ఉంది. బస్టాండు దగ్గరే లాడ్జి తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, గోడలు మాత్రం చెమ్మ. వేడినీళ్లు పొద్దున ఒక్క బకెట్, అదీ అడిగితేనే. రాత్రంతా బస్సుల హారన్లు వినిపించాయి. పక్క వీధిలోని మెస్‌లో జొన్నరొట్టె, నాటుకోడి కూర తిన్నాక ఆ కోపం కొంత తగ్గింది. ఒక్క రాత్రికైతే పరవాలేదు, రెండో రాత్రికి నేను సిఫారసు చేయను.

పానగల్లు అక్కడికి నాలుగు కిలోమీటర్లు, ఆటోలో వెళ్లవచ్చు. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల కాలపు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద రోజంతా కదలని నీడ ఒకటి పడుతుంది. ఎదుటి స్తంభాల మధ్య నుంచి వెలుగు వేర్వేరు దిక్కుల్లో లోపలికి రావడం వల్ల ఆ నీడ ఏర్పడుతుందట. అందరూ దానికోసమే వస్తారు, చూసి వెళ్లిపోతారు. నాకు పచ్చల సోమేశ్వరాలయం ఎక్కువ నచ్చింది. దాని గోడల మీద రామాయణ, భారత కథల బొమ్మలు వరుసగా చెక్కి ఉన్నాయి. వేలెడు లోతు కూడా లేని చెక్కడంలో గుర్రం పరుగు కనిపిస్తుంది. మట్టిలో ఈ మాత్రం లోతు తేవడం కష్టం కాదు, సన్నని తీగల్లా మట్టి అద్దితే నగలన్నీ వచ్చేస్తాయి. అయితే పచ్చి మీద పచ్చిగానే అద్దాలి. ఆరిన ఒంటి మీద తడి మట్టి పెడితే రెండూ ఒకేలా ముడుచుకోవు, ఊడి వచ్చేస్తుంది.

అదే ఆవరణలో మ్యూజియం ఉంది. మంచి శిల్పాలే, కానీ నా పనికి పెద్దగా ఉపయోగపడలేదు. చెయ్యి విరిగిన రాతి దేవతను చూస్తే లోపల కూడా రాయే కనిపిస్తుంది. మట్టి వస్తువు అలా కాదు. విరిగిన అంచు చూస్తే గోడ మందం తెలుస్తుంది, లోపల వేళ్ల గుర్తులుంటాయి, మధ్యలో నల్లని చార ఉంటే మంట లోపలిదాకా అందలేదని తెలుస్తుంది. మ్యూజియంవాళ్లకు మాత్రం విరగని ముఖాన్ని జనానికి చూపించడమే అలవాటు. నన్నడిగితే ప్రతి మట్టి బొమ్మ వెనక ఒక అద్దం పెట్టమంటాను.

నాగార్జునసాగర్‌కు ఆగస్టులో వెళ్లడంలో ఒక ఇబ్బంది ఉంది. డ్యాం 26 గేట్లలో కొన్ని ఎత్తారని వార్త వస్తే చాలు, జనం కార్లేసుకుని దిగిపోతారు. హిల్ కాలనీలో మేము దిగిన చోట, ఫోనులో చెప్పిన అద్దె వేరు, గది ఇచ్చేటప్పుడు అడిగిన అద్దె వేరు. బేరమాడటం మా ఆవిడకు సంతలో అబ్బిన విద్య, సగం దూరం దించింది. గది విశాలంగా ఉంది, మంచి గాలి. చేపల వేపుడు ధర గట్టిదే, రుచీ గట్టిదే. తాగడానికి ప్లాస్టిక్ డబ్బా నీళ్లు. ఇంత ఎండ కాసే జిల్లాలో, ఏ హోటల్లోనూ ఒక్క రంజన్ కనిపించకపోవడం నాకు బాధగానే ఉంటుంది. కరెంటు లేకుండా, కుండ గోడలోంచి ఊరిన తేమ ఆవిరవుతూ నీళ్లను చల్లబరిచే వస్తువు అది.

నాగార్జునకొండ దీవికి లాంచీలో వెళ్లాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. గాలి ఎక్కువైనా, జనం చాలకపోయినా లాంచీ కదలదు, కాబట్టి పొద్దున్నే రేవుకు చేరుకోవడం మంచిది. మాకు దీవి మీద ఇచ్చిన సమయం గంటే. నాకు పూట కావాలి. ఈ ప్రయాణంలో నేను గట్టిగా ఫిర్యాదు చేసేది దీని గురించే.

సాగర్ నీళ్లు లోయను ముంచకముందు, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు జరిగాయి. అప్పుడు బయటపడిన కొన్ని కట్టడాలను ఈ కొండ మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. ఇక్కడ రాజధాని కట్టుకున్న ఇక్ష్వాకు రాజుల కాలపు సున్నపురాతి ఫలకాలను అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకున్నాను. పెద్ద రాళ్లతో సమాధులు కట్టిన బృహత్ శిలాయుగపు కుండల విషయం మాత్రం వేరు. అవి లోపలంతా, మూతి దగ్గర నల్లగా, కింద ఎర్రగా ఉంటాయి. కుండను బోర్లించి కాలిస్తే లోపల గాలి ఆడక నల్లబడుతుందని, బయట మంటకు గాలి తగిలి ఎర్రబడుతుందని ఒక వివరణ ఉంది. ఆవం పేర్చినవాడికి ఆ మాట వెంటనే నమ్మబుద్ధవుతుంది. పొగ గూడు కట్టిన మూలలోని కుండలు మాకూ అలాగే నల్లబడతాయి. మేము వాటిని తక్కువ ధరకు ఇస్తాం, వాళ్లు దాన్నే అందంగా మలుచుకున్నారు.

నేను వెతుకుతున్న ఉపాయం బయట, ఇటుకల స్తూపం పీఠం దగ్గర కనిపించింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి పేరు ముడిపడిన ఇక్కడి మహాచైత్యాన్ని (పెద్ద స్తూపాన్ని) లోపల నిండుగా ఇటుకలతో పేర్చలేదు. నడుమ కుండ (ఇరుసు దూరే గుబ్బ), చుట్టూ ఆకులు (చువ్వలు), చివర వలయం, అచ్చం బండిచక్రంలా ఇటుక గోడలు కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. ఇంకొన్ని స్తూపాల్లో చక్రానికి బదులు స్వస్తిక ఆకారం ఉంది. మా తాత తిప్పిన కట్టె సారెకూ ఇలాగే ఆకులుండేవి. నాకు తట్టిన ఉపాయం ఇదీ: విగ్రహం పొట్టలో నిలువుగా పలచని మట్టి అడ్డగోడలు, వాటి నడుమ మట్టి నింపకుండా ఖాళీ, ప్రతి అరకూ గాలి పోయే రంధ్రం. అప్పుడు పొట్ట జారదు, గోడా మందం కాదు. పక్కనున్నవాళ్లు సెల్ఫీలు దిగుతుంటే నేను బస్సు టికెట్ వెనక ఆ పీఠం గీసుకున్నాను. ఇంతలో లాంచీ కూత వేసింది.

సాగర్ దగ్గరే 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం విశాలంగా, శుభ్రంగా ఉంది. అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం కింద పిల్లలతో సగం రోజు హాయిగా గడిచిపోతుంది. మాకు అంత సమయం లేదు.

దేవరకొండ దగ్గరి పల్లెలో మా ఆవిడ మేనమామ ఉన్నారు. ఈ ప్రయాణంలో అద్దె లేని బస, అన్నిటికన్నా మంచి బస అదే. ఒకప్పుడు ఆయన కల్లు లొట్లు, ఇంటి కప్పుకు వేసే గూన పెంకులు చేసేవారు. ఇప్పుడు ప్లాస్టిక్, రేకులు వచ్చాక ప్రమిదలు, గురుగులతో సరిపెట్టుకుంటున్నారు. నా గీత చూసి, "అడ్డగోడలు బాగానే ఉన్నాయి అల్లుడూ, కాళ్ల సంగతి ఏమిటి?" అని అడిగారు. గూన పెంకును ముందు సారె మీద గొట్టంలా లాగి, తర్వాత నిలువుగా రెండుగా కోస్తారు. కోయకుండా వదిలేస్తే అదే విగ్రహానికి కాలు. కుండ పొట్ట, కూజా మెడ, గొట్టం కాళ్లు, అన్నీ విడివిడిగా సారె మీద చేసి అతకమన్నారు. బెంగాల్‌లో బాంకురా మట్టి గుర్రాలను చేసే పద్ధతీ ఇదేనని నేనంటే, "వాళ్లూ కుమ్మర్లే కదా" అని ఊరుకున్నారు. చెరువు పూడిక తీతలో మంచి బంకమట్టి కూడా లారీలకెక్కిపోయిందని, ఇప్పుడు ఇసుక కలిసిన మట్టే మిగిలిందని ఆయన చింత. విగ్రహానికి ఆ ఇసుకే మేలు, తక్కువ ముడుచుకుంటుంది, తడి సులువుగా వదులుతుంది. కుండకు పనికిరాని మట్టిని ఒక బస్తా నాకిచ్చారు. బస్సులో దానికి లగేజీ టికెట్ కొట్టారు.

చివరగా మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు. 2017 చివర్లో కొమ్మ విరిగిపడి సందర్శకులను ఆపేశారు, మరుసటి ఏడు చెదలు పట్టిన మానుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. ఆ మర్రిని ఇప్పుడు కాస్త దూరం నుంచే చూశాం. పక్కనే, శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన ఊళ్ల శిల్పాలను ఆరుబయట, చేతికందేంత దగ్గరగా నిలిపారు. విగ్రహాల వెనకవైపు చుట్టూ తిరిగి చూడగలిగిన చోటు ఇదొక్కటే. వీపు చెక్కకుండా వదిలేసిన రాళ్లు చాలా ఉన్నాయి, గోడకు ఆనేవి కాబట్టి. నాకు బోలెడు పని తగ్గించే సంగతి అది.

బయట ఓ కొట్టులో మట్టి కప్పులో టీ ఇచ్చారు. కప్పు యంత్రం అచ్చు, అడుగు మందం, అంచు పెదవికి గుచ్చుకుంటోంది. కప్పు ఎంతకు పడుతోందని మా ఆవిడ కొట్టతన్ని అడిగింది. అతను చెప్పగానే, మేము అర్ధ రూపాయి తక్కువకే ఇస్తామంది. అతను నన్ను వదిలేసి ఆవిడ ఫోను నంబరు రాసుకున్నాడు.