గుర్రాల గడ్డి నిల్వకు ప్యాలెట్లు, టార్పాలిన్, తేమ మీటరు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మొయినాబాద్ దగ్గర మా తోటలో మూడు గుర్రాలున్నాయి. అందులో ఒకటి మలక్‌పేట రేసుల్లో పరుగెత్తి రిటైరైన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) ఆడగుర్రం. దానికి దుమ్ము అస్సలు పడదు. బూజు గడ్డి కాస్త తిన్నా మర్నాడు ట్రాట్ (దుడుకు నడక) మొదలుపెట్టగానే దగ్గుతుంది, ముక్కుల్లో తెల్లటి చీమిడి కనిపిస్తుంది. దాని కోసమే గడ్డి నిల్వ మీద ఇంత శ్రద్ధ, ఇంత ఖర్చు పెట్టాం. పెట్టిన డబ్బుకు ఏది న్యాయం చేసిందో, ఏది చేయలేదో చెబుతాను.

గుర్రం నోటితో గాలి పీల్చుకోలేదు, ముక్కొక్కటే దారి. 400 కిలోల గుర్రం రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి తింటుంది. అంటే గంటల తరబడి ముక్కు గడ్డిలోనే ఉంటుంది. గడ్డిలో బూజు ఉంటే దాని సిద్ధబీజాలన్నీ నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతాయి. గుర్రాల్లో వచ్చే ఆస్తమాకు ముఖ్య కారణం ఇదే. ఒకసారి ముదిరితే పూర్తిగా పోదు, జీవితాంతం జాగ్రత్త పడాల్సిందే.

అన్నిటికంటే బాగా పనికొచ్చినవి చెక్క ప్యాలెట్లు, అంటే సరుకు కింద వేసే పలకల చట్రాలు. మా గుర్రాన్ని ఇంతకు ముందు ఉంచిన చోట బేళ్లను (బిగించి కట్టిన గడ్డి మోపులను) సిమెంటు గచ్చు మీదే పేర్చేవారు. ప్రతి వానాకాలం అడుగు వరస నల్లబడి, పారేయాల్సి వచ్చేది. గచ్చు చూడ్డానికి పొడిగానే ఉంటుంది గానీ కింది నుంచి చెమ్మ లాగుతూనే ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ షీటు పరిస్తే కింది చెమ్మ ఆగుతుంది, కానీ గడ్డిలోంచి వచ్చే తేమకు పోయే దారి ఉండదు. ప్యాలెట్ వేస్తే నాలుగైదు అంగుళాల ఖాళీలోంచి గాలి ఆడుతుంది. గోడకు మూరెడు ఎడం కూడా వదిలాం. అప్పటి నుంచి అడుగు వరస బేళ్లు కూడా పై వరసల్లాగే పచ్చగా దిగుతున్నాయి.

లోపం లేదని కాదు. మా ఎర్రనేలల్లో చెదలు చెక్కను వదలవు. గడ్డి దగ్గర చెదల మందు కొట్టలేం కాబట్టి ప్యాలెట్ మూలల కింద ఇటుకలు పెట్టాం. చెదలు పైకెక్కాలంటే ఇటుక మీద మట్టి గీత కట్టుకోవాలి. అది కనిపించగానే గుర్రాలను చూసుకునే మా సైసు చీపురుతో గీకేస్తాడు. పాత ప్యాలెట్లు కొనేవాళ్లు దాని మీద ముద్ర చూడండి: హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది. మేత కింద రెండోది వద్దు. నూనె మరకలు, మందు వాసన ఉన్నదీ వద్దు.

టార్పాలిన్ విషయంలో నాకు అసంతృప్తే. చాలామంది వానకు భయపడి వాము మొత్తాన్ని బిగించి కప్పేస్తారు. తెల్లారి ఆ పట్టా ఎత్తి లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి, నీటి బొట్లు అరచేతికి అంటుతాయి. ఆ నీళ్లన్నీ పై వరస గడ్డిలోకే దిగుతాయి. నైరుతి రుతుపవనాల్లో మాకు జల్లు పడమటి నుంచి కొడుతుంది కాబట్టి, షెడ్డు పడమటి పక్కన మాత్రం పట్టాను తెరలా వేలాడదీశాం. ఎండ రాగానే పైకి చుట్టేస్తాం. అలా వాడితే మంచి వస్తువే. కప్పు మీద పెట్టించిన తిరుగుడు వెంటిలేటరు కూడా బాగానే పని చేస్తోంది.

ఇక పొడవాటి కడ్డీ ఉన్న తేమ మీటరు. మేము ఓట్ గడ్డి, లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) మార్చి, ఏప్రిల్ నెలల్లోనే, వానలకు ముందే దించుకుంటాం. ఒకసారి వచ్చిన లారీలో పై బేళ్లు పచ్చగా, గలగలలాడుతూ ఉన్నాయి. నడుమ వరసలో కడ్డీ గుచ్చితే తేమ 22 శాతం చూపించింది. "పొద్దున మంచు పట్టింది సార్, అంతే" అన్నాడు వ్యాపారి. మంచు పడితే పైన తడుస్తుంది గానీ బేలు కడుపులో తడవదు కదా. తాడు కోసి విప్పించాను. లోపల పొర వెచ్చగా తగిలింది, పుల్లటి వాసన. పోచలు సన్నటి తెల్ల దారాలతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. విదిలిస్తే బూడిద రంగు దుమ్ము ఎండలో లేచింది. మారు మాట్లాడకుండా ఆ బేళ్లు వెనక్కి తీసుకెళ్లాడు.

15 శాతం లోపు ఉంటే నిశ్చింతగా తీసుకుంటాను. 15 నుంచి 18 అయితే విడిగా, బేలుకీ బేలుకీ మధ్య సందు ఉండేలా పెట్టి ముందు అదే వాడేస్తాం. 20 దాటితే వద్దు. కానీ మీటరును గుడ్డిగా నమ్మలేం. గట్టిగా బిగించిన బేలులో ఎక్కువ చూపిస్తుంది, వదులు దాంట్లో తక్కువ. అందుకే ఒక్కో బేలులో రెండు మూడు చోట్ల గుచ్చాలి. అనుమానం వస్తే మైక్రోవేవ్ పరీక్ష చేస్తాను: 100 గ్రాముల గడ్డిని, పక్కన కప్పు నీళ్లు పెట్టి, కాసేపు కాసేపు వేడి చేస్తూ తూకం ఇక తగ్గనంత వరకు ఆరబెట్టాలి. చివరికి 86 గ్రాములు మిగిలితే తేమ 14 శాతం. గుర్రం ఒక్కటే ఉన్నవాళ్లకు మీటరు కంటే ఇదే చాలు.

తడి గడ్డికి బూజు ఒక్కటే కాదు, నిప్పు భయం కూడా ఉంది. కొత్త వాములో మొదటి కొన్ని వారాలు ఇనుప కడ్డీ దూర్చి ఉంచి, తీసి పట్టుకుని చూస్తాం. లోపల 55 డిగ్రీలు దాటితే రోజూ కనిపెట్టి ఉండాలి, 70 దగ్గరికి పోతే దానంతటదే అంటుకునే ప్రమాదముంది. గడ్డి షెడ్డు గుర్రాల శాలకు దూరంగా కట్టింది అందుకే.

ఇంత చేసినా గడ్డి అన్నాక కొంత దుమ్ము ఉంటుంది. ఆడగుర్రానికి మాత్రం పెట్టే ముందు పావుగంట నీళ్లలో ముంచి, నేల మీదే వేస్తాం. తల దించి తింటే ముక్కులోని చీమిడి కిందికి కారిపోతుంది. మన ఎండలకు తడిపిన గడ్డి పూట తిరిగేసరికి పులుస్తుంది, కాబట్టి తినగలిగినంతే వేయాలి. నానబెడితే బూజు గడ్డి మంచిదైపోదు. వరసల మధ్య ఉప్పు చల్లమని కొందరు చెబుతారు గానీ, తడి గడ్డిని ఉప్పు కాపాడలేదు.

పాడైన బేళ్లు గేదెలకు ఇమ్మని పక్క పొలం పెద్దాయన ఇప్పటికీ అడుగుతుంటాడు. "వద్దు బాబాయ్, బూజు విషం పాలల్లోకి దిగుతుంది" అని చెప్పి, మంచి గడ్డి రెండు కట్టలు ఇచ్చి పంపుతాను. బూజు పట్టినదంతా ఎరువు గుంతలోకే.