స్కోప్ బ్యాండ్‌విడ్త్: అన్‌లాక్ చెయ్యాలా, పై మోడల్ కొనాలా, ఉన్నదాంతోనే నడపాలా?

"రైగల్ డీఎస్1054జెడ్ ఉంది, 50 మెగాహెర్ట్జ్ నుంచి 100కి తెరిచెయ్యమంటారా?" "డీహెచ్‌ఓ804 కొంటున్నా, దాన్ని 250 మెగాహెర్ట్జ్ చేసుకోవచ్చట కదా?" స్కోపుల గురించి, అంటే సిగ్నల్‌ను స్క్రీన్ మీద గీసి చూపే ఆసిలోస్కోపుల గురించి, నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడికే వస్తారు. బ్యాండ్‌విడ్త్ అంటే స్కోపు ఎంత వేగమైన సిగ్నల్‌ను పెద్దగా తగ్గించకుండా చూపగలదో ఆ హద్దు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో బిగించిన ఆ హద్దును మనం పెంచుకోవడమే తెరవడం, అంటే అన్‌లాక్. నిజానికి చాలామంది మనసులో తెరవాలని ముందే అనేసుకుని, ఊ అనిపించుకోడానికి అడుగుతారు. ఊ అనే ముందు ఒక లెక్క చూద్దాం.

తయారీ సంగతి ఇది. చవక మోడల్‌కీ పై మోడల్‌కీ తరచుగా ఒకటే బోర్డు. ఫ్రంట్ ఎండ్‌లోని (సిగ్నల్ మొదట లోపలికి వచ్చే భాగంలోని) ఫిల్టర్‌ను ఎక్కడ ఆపాలో సాఫ్ట్‌వేర్ చెబుతుంది, దాన్నిబట్టి ముందువైపు స్టిక్కర్ మారుతుంది. 2010 ప్రాంతంలో రైగల్ 50 మెగాహెర్ట్జ్ డీఎస్1052ఈని 100 మెగాహెర్ట్జ్ 1102ఈగా మార్చుకోవడంతో హాబీవాళ్లలో ఇది పాకింది. తర్వాత 1054జెడ్‌కి సీరియల్ నంబరుతో పుట్టించే అన్‌లాక్ కీలు (కోడ్‌లు) వచ్చాయి.

తెరిస్తే వచ్చే లాభం చిన్నదేం కాదు. స్కోపు రైజ్ టైమ్, అంటే సిగ్నల్ కింద నుంచి పైకి ఎగబాకడాన్ని అది చూపగల కనీస సమయం, 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వస్తుంది కాబట్టి 50 దగ్గర 7 నానోసెకన్లు, 100 దగ్గర 3.5. మైక్రోకంట్రోలర్ పిన్ను రెండు మూడు నానోసెకన్లలో ఎగబాకుతుంటే 7 నానోసెకన్ల స్కోపు దాన్ని మెత్తగా వంచి చూపిస్తుంది. క్లాకు 8 మెగాహెర్ట్జే కదా అనుకోవద్దు, చూడాల్సింది ఎడ్జ్ (సిగ్నల్ ఎగబాకే అంచు) వేగం.

అయితే నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారాన్ని తేల్చేది బ్యాండ్‌విడ్త్ కాదు, ఒక్కో చానల్‌కి దక్కే శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు సిగ్నల్‌ను ఎన్నిసార్లు కొలుస్తుందన్నది. దాన్ని ఏ కీ పెంచలేదు.

1054జెడ్‌లో ఉన్నది సెకనుకు 1 గిగాశాంపుల్ మాత్రమే, దాన్నే చానళ్లన్నీ పంచుకోవాలి. రెండు ఆన్ చేస్తే ఒక్కోదానికి 500 మెగాశాంపిళ్లు. మూడోది ఆన్ చేసిన క్షణంలోనే 250కి పడిపోతుంది. అప్పుడు అందులో సగం, అంటే 125 మెగాహెర్ట్జ్ (దీన్నే నైక్విస్ట్ హద్దు అంటారు) పైన ఉన్నదేదైనా మడతపడి కిందకి వస్తుంది. ఉదాహరణకు 200 దగ్గరున్న రింగింగ్ (ఎడ్జ్ తర్వాత వచ్చే చిన్న ఊగిసలాట) స్క్రీన్ మీద 50 మెగాహెర్ట్జ్ అలలా కనిపిస్తుంది. అలాంటి సిగ్నల్ మీ సర్క్యూట్‌లో అసలు లేదు, కానీ దాన్ని వెతుకుతూ సాయంత్రం గడిచిపోతుంది.

కంపెనీ పెట్టిన ఆ 50 మెగాహెర్ట్జ్ ఫిల్టరే ఇలాంటి దొంగ అలలను కొంత ఆపుతోంది. మామూలు ఆర్సీ (రెసిస్టర్, కెపాసిటర్) ఫిల్టర్ లెక్కేసినా, 50 దగ్గర వంగే ఫిల్టర్ 200 మెగాహెర్ట్జ్‌ను నాలుగో వంతుకు తగ్గిస్తుంది. 100కి తెరిచారా, దాదాపు సగం లోపలికి వచ్చేస్తుంది. మూడు నాలుగు చానళ్లు వాడేవాళ్లకు అన్‌లాక్ అంటే కాపలా తీసెయ్యడమే. తెరిచాక మెనూలో 20 మెగాహెర్ట్జ్ లిమిట్ మాత్రం మిగులుతుంది, మధ్యలో 50 అనే మెట్టు ఉండదు.

నేను పెట్టుకున్న హద్దు ఇది: ఒక చానల్ శాంప్లింగ్ రేటు బ్యాండ్‌విడ్త్‌కి కనీసం 4 రెట్లు ఉండాలి, 5 ఉంటే హాయి. ఆ లెక్కన 1054జెడ్‌ని 100కి తెరిచి ఒకటి రెండు చానళ్లు వాడేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. రైగల్‌దే అయిన డీహెచ్‌ఓ804 కథ వేరు. 12 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్పు), తక్కువ నాయిజ్, చక్కటి పరికరమే. కానీ మొత్తం 1.25 గిగాశాంపిళ్లు. 250 మెగాహెర్ట్జ్‌కి తెరిస్తే ఒక్క చానల్‌కి సరిగ్గా 5 రెట్లు, రెండు చానళ్లకు రెండున్నర, నాలుగూ ఆన్ చేస్తే 312.5 మెగాశాంపిళ్లు, అంటే ఒకటింబావు. నైక్విస్ట్ హద్దు 156 దగ్గరే ఉండగా ఫిల్టర్ 250 వరకు తెరిచి ఉంటుంది. నాలుగు చానళ్ల స్కోపు కొని ఒక్క చానల్‌నే నమ్మగలిగే స్థితి అన్నమాట.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. డబ్బు పెట్టి 250 మెగాహెర్ట్జ్ డీహెచ్‌ఓ924 కొన్నా అందులోనూ అదే 1.25 గిగాశాంపిళ్లు. 1054జెడ్‌కి 100 మెగాహెర్ట్జ్ అన్న అయిన 1104జెడ్‌లోనూ అదే ఒక గిగా. కాబట్టి 'అన్‌లాకా, అదే కుటుంబంలో పై మోడలా' అన్న ప్రశ్నకు సిగ్నల్ పరంగా పెద్ద తేడా లేదు. తేడా ఎక్కువగా కాగితాల్లో ఉంది: వారంటీ, స్పెసిఫికేషన్‌కి కంపెనీ పూచీ, కాలిబ్రేషన్ సర్టిఫికెట్. సొంత బల్ల మీద హాబీకి వాటి విలువ ఎంతో మీరే తేల్చుకోండి. కంపెనీ ఎక్కువ డబ్బుకి అమ్మేదాన్ని ఊరికే తీసుకుంటున్నామన్నది మాత్రం మరిచిపోవద్దు. కాలేజీ ల్యాబులో, ఆఫీసులో, ముఖ్యంగా ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న చోట ఆ ఆలోచనే వద్దు. 804 ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది, తెరిచేవాళ్లు లోపలి ఫైళ్లు మారుస్తారు. బ్యాకప్ లేకుండా కెలికితే స్కోపు బూట్ కాకుండా కూర్చునే ప్రమాదం ఉంది. ఆ టెన్షన్ కూడా ఖర్చులో కలపండి.

నేను ఈమధ్య తీసుకున్నది సిగ్లెంట్ ఎస్‌డీఎస్1104ఎక్స్-ఈ. 100 దగ్గరే ఉంచాను. ఇందులో ఒక్కోటి 1 గిగాశాంపుల్ ఇచ్చే ఏడీసీలు రెండున్నాయి: 1, 2 చానళ్లకు ఒకటి, 3, 4కి ఇంకోటి. ప్రోబులు 1కి, 3కి పెడితే రెండింటికీ పూర్తి గిగా వస్తుంది. నాలుగూ ఆన్ చేసినా 500, అంటే 100 మెగాహెర్ట్జ్‌కి 5 రెట్లు. 200కి తెరవొచ్చు, తెరిస్తే నాలుగు చానళ్ల మీద రెండున్నరకి దిగిపోతాం. నాకు ఎస్‌పీఐ (చిప్పులు మాట్లాడుకునే నాలుగు తీగల పద్ధతి) తీగలన్నీ ఒకేసారి చూడటమే ఎక్కువ పని, అందుకే తెరవలేదు.

ప్రోబ్ సంగతి కూడా చూడాలి. 250 స్కోపుకి 150 మెగాహెర్ట్జ్ ప్రోబ్ తగిలిస్తే రెండూ కలిసి దాదాపు 129 దగ్గర ఆగుతాయి. పైగా ఆ పొడవాటి గ్రౌండ్ వైరు 100 నుంచి 150 నానోహెన్రీలు, ప్రోబ్ కొన 10 నుంచి 15 పీకోఫారడ్లు. ఈ రెండూ కలిసి 105 నుంచి 160 మెగాహెర్ట్జ్ మధ్యలో మోగుతాయి, అంటే రింగింగ్ పుట్టిస్తాయి. 50 మెగాహెర్ట్జ్ స్కోపులో ఇది అంతగా కనపడదు. తెరిచాక ప్రతి ఎడ్జ్ మీదా కనిపిస్తుంది, 'నా బోర్డు లేఅవుట్ పాడైంది' అనిపిస్తుంది. ముందు ఆ క్లిప్పు పీకేసి చిన్న గ్రౌండ్ స్ప్రింగ్ పెట్టి చూడండి. ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇదే.

శాంప్లింగ్ బలంగా ఉండి, బ్యాండ్‌విడ్త్ మాత్రమే బిగించినవీ ఉన్నాయి. రైగల్ ఎంఎస్‌ఓ5074 అలాంటిది: 70 మెగాహెర్ట్జ్ మోడల్, కానీ మొత్తం 8 గిగాశాంపిళ్లు, నాలుగు చానళ్ల మీద ఒక్కోదానికి 2. 350కి వెళ్లినా 5 రెట్లు దాటే ఉంటుంది. అన్‌లాక్ అన్న మాటకు పూర్తి అర్థం ఉన్నది ఇలాంటి చోటే, అయితే దాని ధర బడ్జెట్ అనే మాట దాటిపోతుంది.

హాంటెక్ అనే ఇంకో కంపెనీ స్కోపులనూ తెరుస్తారు, రెండు చానళ్లు చాలనుకుంటే సరే. యూఎస్‌బీ స్కోపుల జోలికి ఈ పని కోసం వెళ్లక్కర్లేదు. ఇప్పటికే 1054జెడ్ ఉన్నవాళ్లు తెరవకముందే 74ఏసీ14 అనే లాజిక్ చిప్పు ఒక్కటి కొని, వేగమైన ఎడ్జ్‌లు ఇచ్చే ఎడ్జ్ జనరేటర్ చేసుకోండి. హైదరాబాదువాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరకాలి. రైజ్ టైమ్‌ను తెరవకముందూ తెరిచాకా కొలవండి, తర్వాత మూడో చానల్ ఆన్ చేసి అదే ఎడ్జ్‌ని మళ్లీ చూడండి.