కొడుకు బుక్ చేస్తాడు, అమ్మానాన్న దిగుతారు: ఒప్పుకోవడం మేలా, మళ్ళీ బుక్ చేయించడం మేలా?

పొద్దున్నే సింహపురి ఎక్స్‌ప్రెస్ దిగి ఆటోలో వచ్చిన పెద్దాయన గేటు దగ్గరే ఆగి అడిగారు. "మా పిల్లోడు అంతా కట్టేశాడంట గదమ్మా, మళ్ళా ఈ ఆధార్ కార్డులు దేనికి?" ఆయన వెనక పెద్దమ్మ ఒక చేత్తో గేటు పట్టుకోనుంది, ఇంకో చేయి మోకాలి మీదుంది. ఆపరేషన్ అయి నెల కూడా కాలేదంట, డాక్టరుకి చూపించుకోడానికి వచ్చారు. మేం రోజులకి అద్దెకిచ్చేది పై పోర్షన్, పద్దెనిమిది మెట్లెక్కాలి. గదులు బుక్ చేసే యాప్‌లో నాకు కనపడింది డల్లాస్‌లో ఉండే కొడుకు పేరు, ఫొటో, 'ఇద్దరు గెస్టులు' అన్న మాట. అంతే.

మెట్ల సంగతి లిస్టింగ్‌లో, అంటే యాప్‌లో మా ఇంటి గురించి పెట్టిన వివరాల్లో, రాసే ఉంది. కొడుకు చదివే ఉంటాడు. కానీ ఎక్కాల్సింది ఆయన కాదు గదా. ఆ రెండు రాత్రులూ కింద మా ముందు గది ఖాళీ చేసిచ్చాం. మేం పైన పడుకున్నాం.

నెల్లూరులో ఇల్లు రోజులకిచ్చేవాళ్ళకి ఇలాంటి బుకింగులు తప్పవు. ఆసుపత్రి పనికి వచ్చే అమ్మానాన్నల కోసం బయటి దేశంలోని పిల్లలు చేస్తారు. పెళ్ళికొచ్చే చుట్టాల కోసం పెళ్ళివారు చేస్తారు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి ఒక్కరే మూడు కుటుంబాలకు కలిపి చేస్తారు. స్వర్ణాల చెరువులో వీసా రొట్టె, అంటే వీసా రావాలని కోరుకుని తీసుకునే రొట్టె, పట్టుకునేది అమ్మానాన్న, వాళ్ళకి గది పట్టేది అంతకుముందే వీసా వచ్చి వెళ్ళిపోయిన పిల్లలు. కాబట్టి బుక్ చేసిన మనిషి వేరు, దిగే మనిషి వేరు అనగానే మోసం అనుకోను. ప్రేమతో చేసేవే ఎక్కువ. ప్రేమతో చేసినా చిక్కులు చిక్కులే.

మన ముందున్న దారులు మూడు. వచ్చిన బుకింగును వచ్చినట్టే ఒప్పుకోవడం, దిగేవాళ్ళ పేరు మీద మళ్ళీ బుక్ చేయించడం, యాప్ లేకుండా ఫోన్ మీద నేరుగా ఇవ్వడం.

ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే మనకి పని తక్కువ, ఎదుటివాళ్ళకి సంతోషం. నేను మొదటి ఏడాదంతా అదే చేశాను. ఒక శనివారం హైదరాబాద్ నుంచి ఒకాయన "మా తమ్ముడి ఫ్యామిలీ, నలుగురు" అని చేశాడు. వచ్చింది పదకొండు మంది కుర్రాళ్ళు. మైపాడు బీచ్‌లో మునిగి, తడి బట్టలతో మంచాల మీద కూర్చున్నారు. ఆదివారం వాళ్ళు వెళ్ళాక బాత్రూం జాలీ ఎత్తితే కింద గిన్నెడు ఇసుక. పైపులోకి పోయింది వేరే. బాల్కనీ అద్దం పగిలింది. బుక్ చేసినాయనకి ఫోన్ చేస్తే, "నేను అక్కడ లేను గదండీ, వాళ్ళనే అడగండి" అన్నాడు. వాళ్ళ నంబర్లు నా దగ్గర ఒక్కటీ లేవు.

యాప్‌లో మన ఒప్పందం బుక్ చేసిన మనిషితో. మనం రాసే రివ్యూ ఆయన ఖాతాకి పోతుంది, రీఫండ్ ఆయన కార్డుకి పోతుంది, ఇంటి నియమాలు, తాళం ఎక్కడుందో చెప్పే మెసేజ్ కూడా ఆయన ఫోన్‌కే పోతాయి. ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇవేవీ చేరవు. ఎయిర్‌బిఎన్‌బిలో అయితే సొంత ప్రయాణాలకు దిగేవాళ్ళే బుక్ చేసుకోవాలన్నది మామూలు నియమం. కంపెనీ పనుల కోసం వేరేవాళ్ళు చేయడానికి విడిగా ఏర్పాటుంది. ఆ నియమం పక్కన పెట్టి మనం సరే అన్నాక సామాను పాడైతే, నష్టపరిహారం అడిగేటప్పుడు మన మాటకి బలం తగ్గుతుంది. అడగాలన్నా చెకౌట్ అయిన 14 రోజుల్లోపే అడగాలి. బుకింగ్ డాట్ కామ్ పద్ధతి వేరు. 'ఇది వేరేవాళ్ళ కోసం' అని ఎంచుకుని, ఉండబోయే మనిషి పేరు రాసే వీలు అక్కడే ఉంది. ఆ పేరు మన చేతికొస్తే సగం బరువు దిగినట్టే.

ఇక రెండో దారి. మళ్ళీ బుక్ చేయించడం అంటే అందరూ విసుక్కుంటారు, నిజమే. పెద్దవాళ్ళకి ఈమెయిల్ ఉండదు, ఓటీపీ వచ్చేలోపు ఫోన్ స్క్రీన్ ఆరిపోతుంది. డబ్బు ఇబ్బంది కూడా ఉంది. మొదటి బుకింగ్ రద్దు చేసిన డబ్బు తిరిగి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు రెండోసారి కట్టాలి. పండగ రోజులైతే ఇంకో భయం, రద్దు చేసిన నిమిషానికి ఆ తేదీలు ఇంకొకరు పట్టేయొచ్చు. అందుకే నేను ఇద్దరినీ ఫోన్‌లో ఉంచి చేయిస్తాను. ముందు దిగేవాళ్ళ ఖాతా తెరిపించి, ఐడీ పెట్టించి, అన్నీ సిద్ధమయ్యాకే రద్దు చేయమంటాను. డబ్బు మొత్తం వెనక్కి వచ్చే గడువు లోపలే ఇది జరగాలి. రద్దు మనంతట మనం నొక్కకూడదు, హోస్ట్ (ఇల్లిచ్చేవాళ్ళు) చేసిన రద్దు కింద జరిమానా పడే వీలుంది. తప్పనిసరైతే ముందు యాప్ సపోర్ట్‌కి కారణం చెప్పి, వాళ్ళతోనే చేయించుకోవాలి.

ఇంత తంటా పడినా నా ఓటు దీనికే. డబ్బు భద్రత ఒక్కటే కాదు కారణం. దిగే మనిషితో ముందురోజు నాలుగు మాటలు మాట్లాడే అవకాశం ఇందులోనే ఉంది. మెట్లెక్కగలరా, ఎన్నింటికి వస్తారు, కారం తింటారా, రాత్రి మందులకి వేడినీళ్ళు కావాలా? ఇవి కొడుక్కి కూడా తెలియకపోవచ్చు. ఆ పెద్దమ్మ ఉన్న రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి గీజర్ ఆగిపోయింది. యాప్‌లో మెసేజ్ పెట్టాను, డల్లాస్‌లో అప్పుడు తెల్లవారుజాము. జవాబు మాకు రాత్రి అన్నాలు తినే వేళకి వచ్చింది.

మూడోది, ఫోన్ మీద నేరుగా ఇవ్వడం. కమిషన్ మిగులుతుంది, మనిషి గొంతు వినపడుతుంది. తెలిసినవాళ్ళు పంపినవాళ్ళకీ, రెండోసారి వచ్చేవాళ్ళకీ నేను ఇలాగే ఇస్తాను. అయితే యాప్‌లో చూసి వచ్చినవాళ్ళని బయటికి లాగి డబ్బు తీసుకోవడం నియమాలకు విరుద్ధం, అది చేయను. తెలియనివాళ్ళ ఫోన్లలో మోసం కూడా ఎక్కువే. "మా సార్ ఫ్యామిలీకి గది కావాలి, అడ్వాన్స్ పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కి వేయండి" అంటూ స్క్రీన్‌షాట్ పెడతారు. మన బ్యాంకు ఖాతాలో డబ్బు కనపడేదాకా అది ఉత్త బొమ్మ. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని కూడా ఎప్పుడూ ఉండదు.

కృష్ణపట్నం పోర్టుకీ, నేలటూరు థర్మల్ కేంద్రానికీ వచ్చే ఇంజనీర్లకి కంపెనీ వాళ్ళే చేస్తారు. ఇక్కడ ఇబ్బంది తక్కువ, మంచీ చెడూ కంపెనీ చూసుకుంటుంది. కాకపోతే చివరి నిమిషంలో మనుషులు మారతారు. ముందురోజు సాయంత్రానికి పేర్ల జాబితా మెయిల్‌లో రావాలని మొదటే చెప్పేస్తే సరి. జీఎస్టీ బిల్లు అడుగుతారు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళం ఇవ్వలేమని కూడా ముందే చెప్పాలి.

ఒంగోల్లో మా పిన్ని కూతురిది ఇంకో తలనొప్పి. చీమకుర్తి గ్రానైట్ కొనడానికి వచ్చే విదేశీయులకి ఇక్కడి ఏజెంట్లు తమ పేరు మీద గది తీసుకుంటారు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో ఎఫ్ఆర్ఆర్ఓకి (విదేశీయుల నమోదు చూసే ప్రభుత్వ కార్యాలయానికి) తెలపాల్సింది ఇంటివాళ్ళే. ఏజెంటు ఆధార్ అందుకు పనికిరాదు. పాస్‌పోర్టు, వీసా ముందే వాట్సాప్‌లో రాకపోతే ఆమె తాళం ఇవ్వదు, ఆ పట్టుదల సరైనదే.

ఇక గేటు దగ్గర పెద్దాయన అడిగిన ప్రశ్న. ఏ దారిలో వచ్చినా ఇంట్లో పడుకునే పెద్దవాళ్ళందరి ఐడీ నేను చూస్తాను. ఆధార్ ఇవ్వడానికి జంకితే, చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ చాలంటాను. "మీకేదన్నా ఒంట్లో బాగలేకపోతే ఎవరికి చెప్పాలో నాకు తెలియాలి గదా పెద్దాయనా" అన్నాను ఆ రోజు. ఆయన జేబులోంచి కార్డు తీసి, వెనక కూతురి నంబర్ కూడా రాసిచ్చారు.

మూడు నెలలకి మళ్ళీ చెకప్. డల్లాస్ అబ్బాయి ఈసారి బుక్ చేయకుండా ముందు మెసేజ్ పెట్టాడు. "తోడు ఎవరొస్తున్నారు?" అని అడిగాను. కావలిలో ఉండే అక్క. ఆమె చేత ఖాతా తెరిపించి, ఆమె పేరు మీదే బుక్ చేయించాం. డబ్బు తమ్ముడే ఆమెకి పంపాడు. ముందురోజు ఆమెతో ఫోన్‌లో మాట్లాడితే, అమ్మ ఇప్పుడు రైలింగ్ పట్టుకుని మెట్లెక్కుతోందనీ, బాత్రూంలో కూర్చోడానికి ఒక ఎత్తైన స్టూలు మాత్రం కావాలనీ చెప్పింది. సాయంత్రం బజారుకెళ్ళి జారని కాళ్ళున్నది ఒకటి తెచ్చి వేశాను.