ఐదు రోజుల నీళ్ల సర్వే శిక్షణ: బిందె మోయించారు, బకెట్ దగ్గర తప్పారు

ఇంటింటి సర్వేలకు తిరగడం నాకిది నాలుగోసారి. ఇదివరకు శిక్షణ అంటే ఒక్క పూటే. ఫారం చదివి వినిపించి, ట్యాబ్ చేతిలో పెట్టి, "రేపు పొద్దున్నే బయల్దేరండి" అనేవాళ్లు. ఈసారి పల్లెల్లో తాగునీరు, పారిశుధ్యం మీద సర్వే. శిక్షణ పని వేరే ఏజెన్సీకి అప్పగించారు. ఐదు రోజులు కూర్చోబెట్టారు. ఏజెన్సీ పేరు రాయను. ఇలాంటి వాటికి మనుషుల్ని పంపేవాళ్లు ముందుగా ఏం అడిగి తెలుసుకోవాలో చెప్పడానికే ఇది. నా మార్కులు ఐదుకి మూడున్నర.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా స్లైడ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి నడిపే జేఎంపీ (దేశాల తాగునీరు, పారిశుధ్యం లెక్కలు చూసే కార్యక్రమం), సదుపాయాన్ని బట్టి ఇళ్లని పెట్టే దాని మెట్లు, మెట్టుకో రంగు. నిద్ర ముంచుకొచ్చింది. భోజనాలయ్యాక ట్రైనర్ మేడమ్ ప్రొజెక్టర్ ఆపేసి తలా ఒక బిందె ఇచ్చారు. వెనక ఉన్న కుళాయికి వెళ్లి నీళ్లు తేవాలి. ఎంతసేపు పడుతుందో వెళ్లేముందే కాగితం మీద రాయాలి. నేను ఐదు నిమిషాలని రాశాను. కుళాయి ఒక్కటి, మేం ఇరవై ఆరుగురం. నా వంతు వచ్చి, బిందె నింపుకుని తిరిగొచ్చేసరికి 22 నిమిషాలు.

"ఇప్పుడు ఫారంలో ఏది రాస్తారు?" అన్నారావిడ.

జేఎంపీ లెక్కలో పోను, రాను, లైన్లో నిలబడను, అంతా కలిపి 30 నిమిషాలు దాటిందంటే బోరు ఎంత మంచిదైనా ఆ ఇల్లు 'ప్రాథమిక' మెట్టు మీంచి 'పరిమిత' మెట్టుకి జారుతుంది. "ఎంతసేపు పడుతుందమ్మా?" అంటే "ఎంతసేపు, ఇదిగో ఇక్కడే" అంటారు ఎవరైనా. పాత సర్వేల్లో ఆ 'ఇక్కడే'ని ఎన్ని ఇళ్లలో ఐదు నిమిషాలుగా నొక్కేశానో తల్చుకుంటే సిగ్గేసింది. ఒక్క బిందెతో ఇంత నేర్పించినవాళ్లు పొద్దున్నంతా ఆ స్లైడ్లెందుకు వేశారో!

రెండో రోజు ట్యాబ్. ఫారం నింపే యాప్ ఓడీకే కలెక్ట్ నెట్ లేకుండానే పనిచేస్తుంది, సాయంత్రం సిగ్నల్ దొరికాక పంపితే చాలు. జీపీఎస్ ఇంట్లో కూర్చుని కాదు, వాకిట్లోకొచ్చి, తేడా మీటర్లలో చిన్నదయ్యేదాకా ఆగి తీసుకోవాలి. ఈ భాగం బాగానే నడిచింది.

తేడా వచ్చింది మూడో రోజు, మరుగుదొడ్ల దగ్గర. 'ఉందా లేదా' అని కాదు, 'ఇంట్లోవాళ్లు మామూలుగా ఎలాంటిది వాడతారు' అని అడగాలన్నారు. కట్టించి కట్టెలు దాచుకున్న దొడ్డి లెక్కలోకి రాకూడదు కదా, బాగుంది. కానీ రకాలు గుర్తుపట్టమని ఇచ్చిన బొమ్మల కార్డులు నలుపు తెలుపు జిరాక్సులు. గుంట మీద పలక ఉన్నదీ లేనిదీ రెండూ ఒకేలా నల్లటి మరకలు. పలక ఉంటే మెరుగైనది, లేకపోతే కానిది. అంత తేడా ఉన్నచోట రంగుల ప్రింటు తీయించలేకపోయారా?

తర్వాత మాలో ఒకాయన్ని ఇంటాయనలా కూర్చోబెట్టి, అతను చెప్పేది అందరం మా మా ట్యాబుల్లో నొక్కాం. "మాది ఫ్లష్ కాదండీ, బకెట్‌తో నీళ్లు పోస్తాం" అన్నాడు. ఇరవై ఆరు ట్యాబుల్లో ఒక్క ఇంటికి నాలుగు రకాల జవాబులు! నా పక్కనున్నాయన 'బకెట్' నొక్కాడు. ఫారంలో ఆ మాటకి అర్థం, మలం బకెట్లో పడితే ఎత్తిపోసే దొడ్డి. చెంబుతోనో బకెట్‌తోనో నీళ్లు పోసేది నిజానికి ఫ్లష్ కిందికే వస్తుంది. తెలుగు ఫారంలో 'ఫ్లష్' అని మాత్రమే రాశారు, 'నీళ్లు పోసేది' అన్న మాట ఎగిరిపోయింది. మేడమ్ వెంటనే పట్టుకున్నారు. "రాసుకోండి, పైలట్ అయ్యాక ఫారంలో మారుద్దాం" అన్నారు. పైలట్ అంటే అసలు ఫీల్డుకి ముందు చేసే ట్రయల్ సర్వే.

నాలుగో రోజుకి మాత్రం వంక పెట్టలేను. ఇంట్లో తాగే నీళ్లు ఒక గ్లాసు ఇమ్మని అడగాలి, వాళ్లు రోజూ ఎలా ముంచుకుంటారో అలాగే ఇవ్వనివ్వాలి. అందులో 100 మిల్లీలీటర్లు సన్నని వడపోత కాగితం గుండా లాగి, ఆ కాగితాన్ని పట్టకారుతో చిన్న ప్లేట్లోకి చేర్చాలి. నీళ్లలో క్రిములుంటే అవి పెరిగి కనపడాలంటే ప్లేటుకి వేడి కావాలి. కరెంటు లేని ఊళ్లలో ఒంటి వేడే దిక్కని ప్లేట్లని బెల్టులో పెట్టి నడుముకి కట్టించారు, రాత్రి దాంతోనే పడుకున్నాం. నీలం చుక్క తేలితే ఈ-కోలి, అంటే నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా. తలా ఒక ప్లేటు సీలు తీయని బాటిల్ నీళ్లతో కూడా చేయించారు. అందులో ఏమీ రాకూడదు. తెల్లారి చూస్తే నా దాంట్లో ఒక నీలం చుక్క. నీళ్లది కాదు, నాదే. ముందురోజు పట్టకారు బల్ల మీద పెట్టి మళ్లీ తీసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మేడమ్ ఏమీ అనలేదు, కొత్త ప్లేటు చేతికిచ్చి "మళ్లీ చెయ్యండి" అన్నారు.

ఐదో రోజు పైలట్. మధ్యాహ్నం ఒక ఊరికి తీసుకెళ్లారు, మనిషికి రెండిళ్లు. చీకటి పడ్డాక బస్సులోనే ఎవరికి ఏ ఇబ్బంది వచ్చిందో చెప్పుకున్నాం, సగం మంది నిద్రలో ఉన్నారు. ఎల్లుండి నుంచి ఫీల్డు. ఇంక ఫారం మార్చేదెవరు? పైలట్ మూడో రోజే పెట్టి, మధ్యలో ఒక పూట ఫారం సరిదిద్దడానికి వదలాలి. మనుషుల్ని పంపేవాళ్లు ఏజెన్సీని ముందు అడగాల్సింది ఇదే. చివరి పరీక్షలో అందరం పాసయ్యాం. టిక్కులు పెట్టే పరీక్షలో ఎవరు తప్పుతారు?

రెండో వారంలో సూపర్‌వైజర్ నుంచి ఫోన్. వేరే టీమ్ చేసిన ఊళ్లో పదకొండిళ్లు 'బకెట్' అని వచ్చాయట, వెళ్లి చూసి రమ్మన్నారు. ఎండలో పదకొండిళ్లూ తిరిగాను. అన్నిట్లోనూ సిమెంటు పలక, తెల్లటి పింగాణీ బేసిన్, వెనక సెప్టిక్ ట్యాంకు. పక్కన నిండుగా నీళ్లతో బకెట్.