ఫొటో బాగుంది, అందులో అమ్మమ్మే లేదు (3/5)

బెంగళూరు మల్లేశ్వరంలో ఎనిమిదో క్రాస్ దగ్గర పాత ఫొటోలు బాగుచేసి కలర్ వేసిచ్చే షాపు ఒకటుంది, పేరు రాయను, చివరికి పని సరిగ్గానే చేసిచ్చారు కాబట్టి. 1964లో అనంతపురంలో తీయించిన అమ్మమ్మ ఫొటో ఇచ్చొచ్చా, చెమ్మ తగిలి సగం మొహం వెలిసిపోయింది. ఫ్రేమ్ కాకుండా 900. ఓనర్‌కి తెలుగొచ్చు, అది ప్లస్. నాలుగు రోజులన్నాడు, పది పట్టింది.

తెచ్చి చూపిస్తే అమ్మ "ఎవరే ఈవిడ?" అంది. కన్నకూతురే! చూద్దును కదా, చెంపల మీద స్ఫోటకం మచ్చలన్నీ ఫొటో డ్యామేజీ అనుకుని సాఫ్ట్‌వేర్ తుడిచేసింది, సబ్బు యాడ్‌లో మొహంలా ఉంది. వెలిసిపోయిన పాతదాంట్లోనూ ఆ మచ్చలు సరిగ్గా కనపడవు నిజానికి, కానీ కనపడని చోట అమ్మ తనకి గుర్తున్నది పెట్టుకుని చూసేది, ఇప్పుడు ఆ ఖాళీ షాపువాళ్ళు నింపేశారు. మన తర్కశాస్త్రంలో ప్రత్యభిజ్ఞ అంటారే, "సోఽయం దేవదత్తః", ఆ దేవదత్తుడే వీడు అని, "వీడు" కంటికి కనపడేది, "ఆ" అన్నది జ్ఞాపకం, రెండూ అతికితేనే గుర్తుపట్టడం. మా ఇంటికొచ్చిన ప్రింటులో ఈవిడ ఉంది, ఆవిడ లేదు.

ఇక చీర. షాపులో మెరూన్ వేశారు. అమ్మేమో ముదురాకుపచ్చ అంటుంది, పెద్దమ్మ వీడియో కాల్లో వంకాయ రంగని ఒట్టేస్తుంది (అప్పటికి ఒకరికి మూడేళ్ళు, ఇంకొకరికి ఆరు). బ్లాక్ అండ్ వైట్‌లో ఈ మూడూ ఒకే బూడిద రంగుగా పడొచ్చు, తేల్చేవాళ్ళు లేరు. 2006లో జర్మనీలోని గీసెన్ యూనివర్సిటీ వాళ్ళ ప్రయోగం ఒకటుంది, స్క్రీన్ మీద అరటిపండుని పూర్తి బూడిద రంగుకి తెమ్మంటే జనం కొంచెం నీలం వైపుకి జరిపేశారు, ఎందుకంటే అసలు బూడిద దగ్గర ఆపితే వాళ్ళకి ఇంకా పసుపు కనపడుతోంది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఆ చీరలో ఎవరి రంగు వాళ్ళకి కనపడుతోందేమో, ఎవర్ని కాదంటాం.

నా భయం వేరే. 2002లో వచ్చిన ఒక స్టడీలో, చిన్నప్పటి ఫొటోని ఎడిట్ చేసి హాట్ ఎయిర్ బెలూన్‌లో కూర్చోబెట్టి చూపించి రెండు మూడుసార్లు అడిగేసరికి 20 మందిలో 10 మందికి ఎన్నడూ ఎక్కని బెలూన్ ఎంతోకొంత గుర్తొచ్చేసింది. మా పాప రోజూ గోడ మీద ఆ నున్నటి మొహమే చూస్తూ పెరిగితే? అందుకే వెనక్కి పట్టుకెళ్ళా.

ఓనర్ విసుక్కోలేదు, మచ్చలు మళ్ళీ పెట్టించాడు. "ఏ కలర్ కావాలో చెప్పండి మేడమ్, అదే వేస్తా" అన్నాడు, కలరే వద్దన్నా. వాళ్ళ తప్పుకి నా దగ్గర ఇంకో 300 తీసుకున్నారు, రెండు స్టార్లు అందుకే కోశా. పేపర్, స్కానింగ్ మాత్రం సూపర్. పార్కింగ్ ఆశ పెట్టుకోకండి, ఒరిజినల్ అడిగి మరీ తెచ్చుకోండి.

కొత్త ప్రింటు చూసి అమ్మ "ఆ, అమ్మే" అంది. కాసేపాగి, "చూడు, ఆకుపచ్చే" అంది.